పాతరలో దిగేవాడి మాట

మా ఇంటి పాతర దొడ్డి వెనకాల గరుసు నేలలో ఉండేది. పైనుంచి చూస్తే ఒక గుండ్రటి బండ తప్ప ఏమీ కనిపించదు. కోళ్ళు దాని మీద తిరుగుతాయి. ఆడవాళ్ళు దాని మీద వరుగులు ఎండబెడతారు. ఆ బండ కింద మనిషి భుజాలు ఒరుసుకుపోయేంత సన్నటి గొంతు, గొంతు దిగువన పెద్ద కుండలాగా విచ్చుకున్న గొయ్యి. గొయ్యి లోపల చుట్టూ గడ్డి పేర్చి, రాగులు పోసి, మీద మళ్ళీ గడ్డి కప్పి, బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళం. అట్లా పూడ్చిన రాగులు ఏళ్ళ తరబడి చెడవు. వాన మొహం చాటేసిన ఏడు మాకు సంగటి పెట్టేది ఆ గొయ్యే. మా చాకవేలు ఊరి చుట్టుపక్కల కాస్త భూమి ఉన్న ప్రతి ఇంటికీ ఆ కాలంలో పాతర ఉండేది.

నాకు మాత్రం ఆ బండ మీద కాలు పెట్టాలంటే భయం.

మూసిపెట్టిన పాతరలో గాలి చెడిపోతుంది. అందుకని బండ తీయగానే ఎవరూ దిగకూడదు. ఒక పగలూ ఒక రాత్రీ నోరు తెరిచి వదిలేయాలి. కానుగ కొమ్మలు తాడుకు కట్టి లోపలికి దించి, పైకి లాగి, మళ్ళీ దించి ఆ గాలిని కెలకాలి. ఆ తరువాత దీపం దించాలి. గింజల దాకా పోయిన దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగవచ్చు. ఆరిపోతే ఆగాలి. చెప్పుకుంటే ఇంతే. చేసేటప్పుడు ఆ ఆగడమే కష్టం.

పక్క ఊళ్ళో నేను పుట్టకముందు ఒక తండ్రి పాతరలో దిగి పలకలేదట. ఎందుకు పలకలేదో చూద్దామని కొడుకు దిగాడు. అతడూ పలకలేదు. ఇంకో మనిషి దిగబోతే పైనున్నవాళ్ళు పట్టుకుని, కింద పడేసి, మీద కూర్చున్నారట. మరునాడు ఇద్దరినీ తీసి, ఆ గొయ్యిని రాగులతో సహా పూడ్చేశారు. వానలకు ఆ చోట మొలకలు వస్తే పశువులను కూడా అటు తోలేవారు కాదని మా అమ్మ చెప్పేది. నేను అన్నం తిననని మారాం చేసినప్పుడు కూడా ఈ కథే చెప్పేది. అన్నానికీ ఆ కథకీ ఏం సంబంధమో నాకు తెలియదు కానీ, గబగబా తినేసేవాణ్ణి.

మా పాతరలో దిగేది నేనే. మా అన్న భుజాలు ఆ గొంతులో ఇరుక్కునేవి. నేను సన్నటివాణ్ణి. గంప ఎత్తి అందించే వయసు వచ్చినప్పటినుంచీ ఆ పని నాదైంది. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ అడిగించుకోలేదు.

మా నాయన పోయినప్పుడు నాకు ముద్ద కలుపుకోవడం కూడా రాదు. అన్నకు అప్పుడే మీసం వస్తోంది. ఆనాటినుంచి ఇంట్లో ప్రతి మాటా ఆయనదే. ఏ చేనులో ఏం వేయాలి, ఎద్దులను ఎప్పుడు మార్చాలి, నేను కన్నడ బడికి పోవడం ఎప్పుడు మానాలి, అన్నీ ఆయనే చెప్పేవాడు. చిక్కబళ్ళాపురకు పోయినప్పుడు నా చొక్కా గుడ్డ కూడా ఆయనే కొని, తన కొలతకే కుట్టించుకొచ్చేవాడు. ఆ చొక్కాలో నేను ఈదేవాణ్ణి. పెళ్ళి కూడా అంతే. చింతామణి అవతలకు పోయి పిల్లను చూసి, మాట ఖాయం చేసి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, "నీకు పెండ్లిరా. పిల్ల మంచిది" అన్నాడు. పిల్ల నిజంగానే మంచిది.

ఆయన చెడ్డవాడు కాదు. మమ్మల్ని పస్తు పెట్టకూడదని ఆయన పడిన పాటు నేను చూశాను. చెప్పేవాడు ఒకడు ఉంటే చాలాకాలం నాకు సుఖంగానే ఉండేది. ఆలోచించే పని లేనివాడికి నిద్ర బాగా పడుతుంది. ఏడాదిలో పాతర తీసే రోజుకు ముందు రాత్రి తప్ప.

నా పెళ్ళికి ముందు ఏడు పాతర తీసినప్పుడు నేను దిగి గంపలు నింపుతున్నాను. కొంతసేపటికి మోకాళ్ళు మెత్తబడ్డాయి. చెవుల్లో ఈగలు ముసిరినట్టు రొద. పైన పాతర నోరు పళ్ళెమంత వెలుగులా కనిపిస్తోంది. ఆ పళ్ళెం ఊగుతోంది.

"అన్నా, తల తిరుగుతాండాది" అన్నాను.

"ఇంకొంచెమే ఉండాది. నింపేసి వద్దువులే."

నింపాను. ఎట్లా పైకి వచ్చానో నాకు గుర్తులేదు. వదిన మజ్జిగ తెచ్చి తాగించింది. అన్న నా మొహం చూసి, "పొద్దున ఏమీ తినకుండా దిగినట్టుండాడు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, అట్లాగే నమ్మాడు. కానీ గోడకు ఆనుకుని కూర్చున్న నాకు ఒక సంగతి తట్టింది. తిరుగుతున్నది నా తల. అది తిరుగుతోందో లేదో తేల్చేది మాత్రం పైన నిలబడిన అన్న. ఆ రోజునుంచి నా భయం మారింది. అంతకుముందు గొయ్యి అంటే భయం. ఆ తరువాత, గొయ్యిలో ఉన్నప్పుడు నా మాట పైకి చేరదేమో అని భయం.

కొత్త పైసలు వచ్చిన కొత్తల్లో నా భార్య కాపురానికి వచ్చింది. వాళ్ళ ఊరివైపు ధాన్యం ఇంట్లోనే గాదెల్లో పోసుకుంటారు. పాతర సంగతి ఆమెకు తెలియదు. ఒకరోజు బండ మీద వంకాయ వరుగులు పరుస్తూ అడిగింది.

"దీని కింద రాగులుండాయంట గదా. తీసేదెట్ల?"

"మనిషి దిగాల."

"ఎవరు దిగేది?"

"నేనే."

"ఎప్పుడు దిగాల్నో చెప్పేదెవరు?"

"అన్న."

ఆమె ఒక్కొక్క వరుగునూ తిరగేసింది. "బావగారు ఎప్పుడన్నా దిగినారా?"

"ఆయప్ప భుజాలు పట్టవు."

"ఓహో" అంది. ఆ మరునాటినుంచి వరుగులు బండ మీద కాకుండా ఇంటి మిద్దె మీద ఎండబెట్టడం మొదలుపెట్టింది.

ఆ ఏడు చింతామణి మండీ శెట్టికి రాగులు ఇస్తానని అన్న మాట ఇచ్చాడు. బండ్లు ఫలానా రోజు వస్తాయని కబురు అందింది. ముందురోజు పొద్దున్నే బండ తీయాలి. కానీ అన్న అంతకుముందే తాలూకా ఆఫీసు పని మీద బాగేపల్లికి పోయాడు. అక్కడ అమల్దారు లేడని ఆయనను ఆపేశారట. పొద్దు నడినెత్తికి వచ్చినా ఆయన రాలేదు.

"బండ తీసేద్దామా వదినా?" అన్నాను.

"ఆయన రానీ అబ్బయ్యా. వచ్చి ఎవరు తీయమన్నారంటే ఏం చెప్తాం?"

అంతే. నేను ఎద్దులకు మేత వేశాను. వదిన రాగులు విసిరింది. బండ బండగానే ఉంది. పది మంది తినే ఇంట్లో ఒక బండ ఎత్తడానికి ఒక్కరికీ నోరు లేదు. అన్న వచ్చేసరికి చీకటి పడింది. అలిసిపోయి, తిని పడుకున్నాడు. బండ తీసింది బండ్లు వచ్చే రోజు పొద్దున.

తీయగానే లోపలినుంచి వెచ్చగా, పులిసినట్టు ఒక వాసన వచ్చింది. నేనూ అన్నా కానుగ కొమ్మలు దించి కెలికాం. చేతులు నొప్పి పుట్టేదాకా కెలికాం. ఇంతలో బండ్లు వచ్చాయి. బండివాళ్ళు ఎద్దులను విప్పి, వేప చెట్టు నీడలో కూర్చుని ఆకు వక్క వేసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు అన్నకు తెలిసినవాడే.

"పొద్దు గూకేలోపల చేలూరు దాటాల్నప్పా. దావలో నీళ్ళ వంక ఉండాది" అన్నాడు.

"అయిపోతాదిలే. కూర్చోండి" అన్నాడు అన్న.

దీపం దించే తాడుకు మా నాయన కాలంనుంచీ ఒక ముడి ఉండేది. గింజలు ఏటా ఒకే మట్టానికి పోసేవాళ్ళం కాబట్టి, దీపం వాటిని తాకినప్పుడు ఆ ముడి సరిగ్గా పాతర నోటి దగ్గరకు రావాలి. అన్న ప్రమిద వెలిగించి, చట్టిలో పెట్టి మెల్లగా దించాడు. వెలుగు గోడల మీద ఊగుతూ పోయింది. మెల్లగా ముడుచుకుంది. ఆరింది.

"గాలికి ఆరింది" అన్నాడు అన్న.

లోపల గాలి ఎక్కడిది? అనుకున్నాను.

మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ దించాడు. ఈసారి ఆయన చెయ్యి మధ్యలో ఆగింది. కాసేపు అట్లాగే పట్టుకుని పైకి లాగాడు. దీపం వెలుగుతోంది.

"చూసినారా" అన్నాడు.

బండివాళ్ళు చూశారు. అందరూ దీపాన్నే చూశారు. నేను ముడిని చూశాను. అది పాతర నోటి దగ్గరకు రాలేదు. అన్న కాళ్ళ దగ్గర, చుట్టగా పడిన తాడులోనే ఉంది. అన్న నా వైపు చూసి, నేను చూసిన సంగతి పసిగట్టి, మొహం తిప్పుకున్నాడు.

"దిగరా" అన్నాడు.

నేను చొక్కా విప్పాను. అలవాటు. పాతర అంచు దగ్గరికి పోయి కూర్చుని కాళ్ళు లోపల వేలాడేశాను. పాదాలకు వెచ్చదనం తగిలింది. పక్క ఊరి తండ్రి ఇట్లాగే కూర్చుని ఉంటాడనిపించింది. అతడి పాదాలకూ ఇట్లాగే వెచ్చగా తగిలి ఉంటుంది. దొడ్డి గోడ దగ్గర నా భార్య చేట పట్టుకుని నిలబడి ఉంది. నా నాలుక ఎండిపోయింది. ఒళ్ళంతా చెమట. కాళ్ళు పైకి తీసుకున్నాను.

"ఈపొద్దు దిగనన్నా."

"ఏమంటివి?"

"దిగనంటాండా. రేపు దిగతా."

ఆ మాట నా నోటినుంచి వచ్చిందని నాకే నమ్మకం కుదరలేదు. బండివాళ్ళలో ఒకడు నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకు గదప్పా. అన్నిటికీ రేపు రేపంటాడు."

అన్న నవ్వలేదు. "నాకు తెలుసునా, నీకు తెలుసునా?"

"నీకే తెలుసన్నా. దిగేది నేను గదా."

"సంగటి ముద్ద ముందర ఎప్పుడన్నా రేపంటివా నువ్వు?"

నేను తల వంచుకున్నాను. చెయ్యి ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. తలగుడ్డ బిగించాడు. చొక్కా విప్పి బండ మీద వేశాడు.

"గమ్మునుండు. నేనే దిగతా."

అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. అంతవరకూ పోయేది నేనే కదా అనే భయం. ఇప్పుడు ఆయన దిగి పలకకపోతే? ఎందుకు పలకలేదో చూడడానికి దిగాల్సింది నేను. నా మాట నేను చెప్పుకోవడం వల్ల ఇద్దరం పోతాం. "వద్దన్నా, నేనే దిగతా" అనడానికి నోరు తెరిచాను.

అంతలో వదిన బావి మోకు భుజాన వేసుకుని వచ్చింది. ఎప్పుడు పోయిందో, ఎప్పుడు తెచ్చిందో ఎవరూ చూడలేదు.

"దిగేది దిగండి. ఇది మొలకు కట్టుకొని దిగండి" అంది.

"బావిలో దించేకి నేనేమన్నా కడవనా?"

"కడవైతే ఇంకొకటి తెచ్చుకుందును."

బండివాళ్ళు తల దించుకుని నవ్వు దాచుకున్నారు. అన్న ఏదో గొణిగాడు కానీ చేతులు ఎత్తి నిలబడ్డాడు. ఆమె రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. మోకు కొస తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి. బతికున్న మనిషి వేళ్ళు అంత చల్లగా ఉండడం నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

గొంతులో కాళ్ళు ఆనించడానికి గుంటలు తొలిచి ఉంటాయి. అన్న ఊపిరి వదిలి, భుజాలు ముడుచుకుని దిగాడు. తలగుడ్డ కిందికి పోయింది. మోకు నా అరచేతిలోంచి జారుతోంది.

"అన్నా" అన్నాను.

"ఊ."

"అన్నా."

"ఊ. బాగనే ఉండాది. గంప..."

గంప అన్న మాట తరువాత ఏదో వస్తుందని అందరం ఎదురు చూశాం. రాలేదు.

"అన్నా."

మోకు నా చేతిలో ఒక్కసారిగా బరువెక్కింది.

నేను లాగాను. బండివాళ్ళు ఆకు వక్క ఉమ్మేసి పరుగున వచ్చి పట్టుకున్నారు. అన్న పైకి వస్తున్నాడు, వస్తున్నాడు, గొంతు దగ్గర భుజాలు పట్టేశాయి. ఇంకా లాగితే మోకు ఆయన కడుపును కోస్తుంది. లాగకపోతే ఆయన ఆ గాలిలోనే ఉంటాడు. నేను నేల మీద బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, తల లోపల పెట్టాను. ఆయన తల నా చేతికి తగిలింది, చెమటతో తడిసి, బరువుగా. తడిమి ఒక చెయ్యి పట్టుకుని పైకి తిప్పాను. భుజం ఒరిగి సందు చిక్కింది. "లాగండి" అని తల బయటికి తీసి అన్నాను.

బయట పడుకోబెట్టినప్పుడు ఆయన పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నా భార్య చేట వదినకు ఇచ్చింది. వదిన ఏడవలేదు, అరవలేదు. చేటతో విసిరింది. పొట్టు చెరిగినట్టే, అదే ఊపుతో విసిరింది. ఆయన ఛాతీ కదిలేదాకా ఆ దొడ్డిలో ఎవరూ ఊపిరి తీసినట్టు నాకు గుర్తులేదు. కదిలింది. దగ్గాడు. కక్కాడు. కళ్ళు తెరిచి ఆకాశాన్ని చూశాడు.

బండ్లు ఖాళీగా చింతామణికి పోయాయి, పాతరకు మళ్ళీ బండ పడింది. పెద్ద బండివాడు పోతూ పోతూ నా భుజం తట్టాడు.

ఆ తరువాత రోజులు పాతరకంటే చెడ్డవి. అన్న నాతో మాట్లాడలేదు. పనికి పొమ్మని కూడా చెప్పలేదు. తిన్నె మీద కూర్చుని ఎటో చూసేవాడు. ఇల్లు విడిచి పొమ్మంటాడేమోనని భయం. నలుగురి ముందర ఎదురు చెప్పిన తమ్ముణ్ణి ఏ అన్న ఉంచుకుంటాడు? నా భార్య, "మా ఊరికి పోదామా?" అని అడిగింది. "అన్నను అడగాల" అన్నాను. ఆ మాటకు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

ఆయన ఏమీ అనకుండానే కాలం గడిచింది. మళ్ళీ పాతర తీసే అదను వచ్చింది. ఒక సాయంత్రం నేను ఎద్దులకు కుడితి పెడుతుంటే అన్న వచ్చి నా పక్కన దీపం చట్టీ, ముడి ఉన్న తాడూ పెట్టాడు.

"బండ ఎప్పుడు తీద్దాం?"

ఆయన నా మాట కోసం అడిగిన మొదటి ప్రశ్న అది. అంతవరకూ నన్ను పంపినవి, పిలిచినవి, తిట్టినవి ఉన్నాయి. అడిగింది లేదు. సంతోషం వస్తుందనుకుంటారు ఎవరైనా. నాకు భయమే వచ్చింది. తప్పు చెబితే ఎవరిని అనాలి? ఇన్నాళ్ళూ అన్న మోసిన బరువు ఇదన్నమాట. మీసం వస్తున్న వయసునుంచీ మోశాడు. భయపడ్డాడో లేదో మాకు తెలియనివ్వలేదు. భయపడుతున్నానని చెప్పుకునే అధికారం ఆయనకూ ఎవరూ ఇవ్వలేదేమో.

"ఇప్పుడే తీసేద్దామన్నా. రేపు పగలంతా తెరిచుండనీ" అన్నాను.

తీశాం. మరునాడు కొమ్మలు దించి కెలికాం. ఆ మరునాడు పొద్దున దీపం నేనే దించాను. ముడి పాతర నోటి దగ్గరకు వచ్చింది. కింద దీపం నిలకడగా వెలుగుతోంది. ఎంతసేపు ఉంచినా వెలుగుతూనే ఉంది. అంతా సరిగానే ఉంది. బండ్లు వచ్చి ఉన్నాయి, అదే పెద్ద బండివాడు. అందరూ నా వైపు చూశారు.

నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. కారణం లేదు. అన్న తల నా చేతికి తగిలిన బరువు ఇంకా అరచేతిలో ఉంది, అంతే.

"రేపు" అన్నాను.

ఎందుకని అడుగుతాడని ఎదురు చూశాను. అన్న వంగి లోపలి దీపాన్ని చూశాడు. నన్ను చూశాడు. పోయి జాలి ముళ్ళకంప తెచ్చి, దూడలు పడకుండా పాతర నోటికి అడ్డం వేశాడు.

"రేపు రాండప్పా" అన్నాడు బండివాళ్ళతో.

"దీపం వెలుగుతాండాది గదప్పా."

"వెలుగుతాండాది. దిగేవాడు రేపంటాండాడు."

మరునాడు నేను దిగాను. వదిన అడక్కుండానే మోకు నా మొలకు కట్టింది. భయం పోయిందని చెప్పను. గొంతులో భుజాలు ఒరుసుకుంటున్నప్పుడు అదే చెమట, అదే ఎండిన నాలుక. కానీ ఈసారి కాళ్ళు నావి. ఒక్కొక్క గుంటలో అవి వాటంతట అవే ఆనాయి. గింజల మీద నిలబడి ఊపిరి పీల్చి చూసుకున్నాను. మళ్ళీ పీల్చి చూసుకున్నాను. గంప పట్టుకున్నాను.

పైన వెలుగులో అన్న తల అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన పైనుంచి పిలిచిన పిలుపు ఒకటే, తొందరపెడుతూ బిరీన కానీరా అని. ఇప్పుడు ఆయన గొంతు సన్నగా వచ్చింది, నేను ఎరగని గొంతు.

"ఉండావా?"

"ఉండానన్నా."

ఒక గంప పైకి పోయింది. అది తిరిగి కిందికి దిగకముందే మళ్ళీ అడిగాడు.

"ఉండావా? వస్తానంటే చెప్పు. లాగేస్తా."

"ఇంకొంచెం ఉంటానన్నా" అన్నాను. "నేను చెప్తా."